ఈ తేదీ నుంచి దూరం

ఆ శనివారం మధ్యాహ్నం రెండున్నరకి ఎండ ముప్పై ఎనిమిది డిగ్రీలు దాటింది. మామూలు జనానికి ఎండంటే చెమట, దాహం. కాటాకి మాత్రం ఎండంటే కిలోలు. గాలి వేడెక్కితే పలచబడుతుంది, పలచటి గాలిలో చిన్న విమానం ఎక్కువ బరువు మోయలేదు. డిగ్రీకి ఇంత చొప్పున బరువు తగ్గించాలని ఆమె బల్ల మీద అద్దం కింద ఒక పట్టిక ఉంది. దాన్ని ఆమె చూడనక్కర్లేదు, నోటికి వచ్చు.

ఆమెకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ ఆ విమానాశ్రయంలో హాజరు పట్టీ తప్ప దాన్ని ఎవరూ వాడరు. పెట్టెలు తూచే చోట మూడున్నరేళ్ళుగా నిలబడుతోంది కాబట్టి కాటా అయింది. లోడర్లు కాటా అక్క అంటారు, మేనేజరు కాటమ్మ అంటాడు. విమానం ఎక్కే ప్రతి మనిషినీ, ప్రతి పెట్టెనీ, ట్యాంకులో ఉన్న ఇంధనాన్నీ ఒక కాగితం మీద కూడి, మొత్తం హద్దు దాటకుండా, విమానం ముందుకో వెనక్కో ఒరగకుండా సర్ది, పైలట్ చేత సంతకం పెట్టించడం ఆమె పని. ఆ కాగితం మీద మనుషుల్లో లావూ సన్నం తేడాలుండవు. పెద్దవాళ్ళంతా డెబ్బై అయిదు కిలోలు, పిల్లలంతా ముప్పై అయిదు. అంత సమానత్వం ఇంకెక్కడా దొరకదని ఆమె అప్పుడప్పుడూ నవ్వుకునేది.

కూడింది. నూట పది కిలోలు ఎక్కువొచ్చింది. మళ్ళీ కూడింది. తప్పయితే బాగుండునని కూడే లెక్క ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది.

ఉత్తరాల సంచీ ఒకటి దింపించింది, ముప్పై అయిదు కిలోలు. మిగిలింది డెబ్బై అయిదు. అంటే కొలిచి పెట్టినట్టు ఒక మనిషి. మనిషిని దింపాల్సి వస్తే నియమం సులువే. టిక్కెట్టు కొన్నవాళ్ళ జోలికి వెళ్ళకూడదు, ఖాళీ ఉంటేనే ఎక్కాల్సిన స్టాఫుని ముందు తీసెయ్యాలి. ఆ రోజు అలా కాచుకుని ఉన్న స్టాఫు ఒక్కరే. ఆ మనిషి సంచీ ఆమె బల్ల కిందే ఉంది. అందులో ఒక జత బట్టలూ, ఏడేళ్ళ కూతురికి కొన్న రంగు పెన్సిళ్ళూ ఉన్నాయి.

కాటా ఎర్ర పెన్ను తీసి తన పేరు కొట్టేసింది. గీత కాస్త వంకర పోయింది.

"మళ్ళీనా అక్కా?" అన్నాడు పెద్ద లోడరు, ఉత్తరాల సంచీ భుజానికెత్తుకుంటూ. "ఇది నాలుగో శనివారం."

"నువ్వు లెక్కపెట్టకు బాబూ. ఇక్కడ లెక్కలకి నేనొకదాన్ని చాలు."

ఆమె కాగితం పట్టుకుని విమానం దగ్గరికి నడిచింది. మెట్లెక్కి పైలట్ చేత సంతకం చేయించుకుని, ఒక ప్రతి ఆయనకిచ్చి, రెండు ప్రతులతో దిగింది. నలభై రెండు సీట్ల విమానం అది. రోజుకొకటే. మధ్యాహ్నం రెండుకి ఆమె ఊరి నుంచి వస్తుంది, మూడుకి ఆమె ఊరికి పోతుంది. శనివారం మూడుకి ఎక్కితే ఆదివారం ఒంటిగంట దాటాక మళ్ళీ ఇటు ఎక్కాలి. మధ్యలో దొరికేది ఇరవై ఒక్క గంటల ఇల్లు. ఆ ఇరవై ఒక్క గంటలూ కూడా ఇవాళ ఎండలో కలిసిపోయాయి.

తలుపు మూశారు. రెక్కల పంకాలు తిరిగాయి. విమానం రన్‌వే చివరిదాకా పోయి, వెనక్కి తిరిగి, పరిగెత్తి, నీళ్ళ మీదుగా లేచి చిన్నదైపోయింది. రెండు ఊళ్ళకీ మధ్య ఉన్నది ఆ నీళ్ళే. లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రం. దాన్ని చుట్టి రోడ్డు మీద వెళ్ళాలంటే ఆరొందల పది కిలోమీటర్లు, రెండు బస్సులు మారాలి, పదహారు గంటలు పడుతుంది. ఒక్క రోజు సెలవున్న మనిషి బస్సెక్కితే ఇల్లు చేరేసరికే సెలవు అయిపోతుంది.

"బాధపడకు కాటమ్మా," అన్నాడు మేనేజరు, చల్లటి గదిలోంచి సగం బయటికొచ్చి. "ఎంత దూరమని! రెండొందల తొంభై నాలుగు. కళ్ళు మూసి తెరిచేలోగా దిగిపోతావు. వచ్చే వారం వెళ్దువుగాని."

ఈ రెండొందల తొంభై నాలుగు అనే మాట ఆమె ఒంటికి కారం రాసినట్టుండేది. సంస్థ నియమాల్లో ఒకటుంది. సొంత ఊరికీ పనిచేసే స్టేషనుకీ మధ్య ఆకాశ మార్గాన మూడొందల కిలోమీటర్లు దాటితే అది దూరపు స్టేషను. మూడేళ్ళు నిండగానే ఆ మనిషిని తప్పనిసరిగా సొంత ఊరికి పంపాలి. దాటకపోతే దగ్గర స్టేషను. దగ్గరే కదా, ఎప్పుడు పంపుతారన్నది పెద్దల దయ. కాటా రెండుసార్లు దరఖాస్తు పెట్టింది. రెండుసార్లూ ఒకటే జవాబు: 'దూరాల పుస్తకం ప్రకారం మీ స్టేషను దగ్గర స్టేషను.' ఆరు కిలోమీటర్ల తక్కువలో ఆమె మూడున్నరేళ్ళు ఇరుక్కుపోయింది. వచ్చే శుక్రవారం బదిలీల లిస్టు మూసేస్తారు. ఆమె ఊళ్ళో ఈ ఏడాది ఖాళీ ఒక్కటే ఉంది.

రేడియో గదిలో బాబాయ్ చెవులకి పరికరం తగిలించుకుని కూర్చున్నాడు. బాబాయ్ అంటే ఆమెకి చుట్టమేం కాదు. అందరికీ బాబాయే. ఆమె అంకెలు చదువుతుంటే అవతలి ఊరికి పంపాడు. పెద్దలు ముప్పై ఎనిమిది. పిల్లలు ఇద్దరు. సామాను ఇంత. చివరి అంకె దగ్గర ఆగి ఆమె మొహంలోకి చూశాడు.

"స్టాఫు ఎంత అమ్మాయ్?"

"మీకు తెలీదా ఏంటి? సున్నా."

సాయంత్రం ఆమె గదికి వెళ్ళి భర్తకి ఫోను చేసింది. ఆయనకి సొంత ఊళ్ళో లేతు మెషీను షాపుంది. ఇనుప ముక్క ఏదైనా వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కుతాడు గానీ, మాటలు చెక్కడం రాదు. ప్రతి శనివారం పిల్లని స్కూటరు మీద ఎక్కించుకుని విమానాశ్రయానికి వచ్చి, గేటు దగ్గర నిలబడి, దిగినవాళ్ళందరూ వెళ్ళిపోయాక తిరిగి పోతాడు.

"రాలేదేం?"

"ఎండండీ."

"ఊఁ."

"దానికివ్వండి ఒకసారి."

"అలిగింది. మాట్లాడదట."

"నేనేం అలగలేదు!" అని వెనకాల్నుంచి అరుపు వినిపించింది. తర్వాత ఫోను దగ్గరికొచ్చి, "అమ్మా, ఈసారి నువ్వు ఎన్ని కిలోలు ఎక్కువయ్యావు?" అంది పిల్ల.

"డెబ్బై అయిదు."

"అంటే మొత్తం నువ్వేనా?"

కాటా నవ్వింది. నవ్వాక ఏడుపొచ్చింది. అది వినిపించకుండా ఫోను చేతికి దూరంగా పట్టుకుంది.

*

సోమవారం పొద్దున విమానం లేని వేళ పాత కాగితాలు సర్దే పని పెట్టుకుంది. పైలట్లు దిగగానే ఆమెకి ఒక చీటీ ఇస్తారు. ఎంత ఇంధనం కాలింది, ఎంత మిగిలింది, ఎంతసేపు పట్టింది, ఇలా అరచేయంత కాగితం. అందులో ఆమెకి కావలసింది మిగిలిన ఇంధనం ఒక్కటే. దాన్ని తను బరువులు కూడే లోడ్ షీటులోకి ఎక్కించి, చీటీని తీగకి గుచ్చేది. తీగ నిండితే కట్ట కట్టి అలమరలో పెట్టేది.

కట్టకి దారం చుడుతుంటే పై చీటీ మూలన ఒక అంకె కనిపించింది. దూరం: 303.

ఏదో తప్పు పడిందనుకుంది. కింద చీటీ తీసింది. 303. దాని కింది చీటీ, 303. కట్ట మధ్యలోంచి ఒకటి లాగింది. కిందటేడాది కట్ట విప్పింది. ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి నెల కట్ట కూడా విప్పింది. నేలంతా చీటీలే. వంద చీటీలు తిప్పినా ప్రతిదాని మీదా అదే అంకె నిక్షేపంలా కూర్చునుంది. మూడున్నరేళ్ళుగా రోజూ తన చేతుల మీదుగానే పోతోంది. తన కళ్ళు మాత్రం రోజూ పక్క గడిలోకే చూశాయి. కాసేపు ఆమెకి సంతోషమో, తన మీద తనకి కోపమో తెలియలేదు.

రెండింటికి విమానం దిగగానే మెట్ల దగ్గరే కెప్టెన్‌ని పట్టుకుంది.

"సార్, ఈ మూడొందల మూడు ఏంటి?"

"దూరం. అక్కడ లేచిన చోటు నుంచి ఇక్కడ దిగిన చోటుకి. మిషనే వేస్తుంది."

"మా పుస్తకంలో రెండొందల తొంభై నాలుగుంది."

కెప్టెన్ టోపీ తీసి తల తుడుచుకున్నాడు. "మీ పుస్తకం ఏ ఏడాదిది?"

ఆమెకి అక్కడికక్కడే అర్థమైంది. సిగ్గేసింది కూడా. అది ఆమె సొంత ఊరు. పాత విమానాశ్రయం ఊరిని ఆనుకుని ఉండేది. ఆమె భర్త షాపు వెనక గోడే దాని గోడ. ఆరేళ్ళ కిందట దాన్ని మూసేసి, కొండ అవతల కొత్తది కట్టారు. ఇప్పుడు పాత రన్‌వే మీద ఇళ్ళు లేచాయి. ఇదంతా ఆమె కళ్ళముందే జరిగింది. ప్రతిసారీ ఆమె దిగేది కొత్తదాంట్లోనే. కానీ తెలిసిన సంగతిని లెక్కలోకి తీసుకోవాలని ఆమెకి తట్టలేదు, లెక్కలతో బతికే మనిషికే తట్టలేదు.

"మేం దిగే చోటు వేరు, మీ పుస్తకం దిగే చోటు వేరు," అన్నాడు కెప్టెన్. "పుస్తకాన్ని నమ్ముకుని నడిపితే ఎవరింటి వంటగదిలోనో దిగుతాం."

చీటీలన్నీ రెండు అట్టపెట్టెల్లో సర్ది, అలవాటు కొద్దీ కాటా మీద పెట్టి చూసుకుంది. రెండు కిలోల మూడొందల గ్రాములు. వాటిని తెచ్చి మేనేజరు బల్ల మీద దించింది.

మేనేజరు చెడ్డవాడు కాదు. పెళ్ళాం పిల్లలతో ఇదే ఊళ్ళో కాపురముంటున్నవాడు, ఏ కాగితం మీదా ముందుగా సంతకం పెట్టకుండా ఇరవై ఏళ్ళు నెట్టుకొచ్చినవాడు. అంతా విని, అలమరలోంచి దూరాల పుస్తకం తీసి, దుమ్ము ఊది, వేలితో వరసలు వెతికాడు.

"ఇదుగో. రెండొందల తొంభై నాలుగు. అచ్చులో ఉంది."

"అచ్చు వేసినప్పుడు ఆ ఊళ్ళో రన్‌వే వేరే చోట ఉంది సార్."

"ఉండొచ్చు. కానీ ఇందులో లేనిది నేనెలా చూడను?"

"కిటికీలోంచి చూడండి. అదిగో ఆ విమానం. అది మూడొందల మూడు కిలోమీటర్లు ఎగిరొచ్చి నిలబడింది."

మేనేజరు నిజంగానే కిటికీ వైపు చూశాడు, తర్వాత నీళ్ళు నమిలాడు. "నువ్వన్నది నిజమే కాటమ్మా. కాదనను. కానీ నేను దీన్ని పైకి పంపితే, ఆరేళ్ళుగా నువ్వేం చూశావయ్యా అని నన్నే అడుగుతారు."

"నన్నడిగినా అదే గతి. నేనూ చూడలేదు. ఇద్దరం కలిసి చూడలేదని రాయండి."

ఆమె గొంతు పెరగలేదు. కానీ కదల్లేదు కూడా. మూడింటి విమానానికి ఇంకా షీటు కట్టలేదని ఆయనకి తెలుసు. షీటు కట్టకపోతే విమానం లేవదు. ఆమె ఆ మాట అనలేదు గానీ గడియారం వైపు ఒకసారి చూసింది.

"పంపుతాను," అన్నాడు చివరికి. "కానీ 'తెలియజేయడమైనది' అని రాస్తాను. 'సిఫారసు చేయడమైనది' అని మాత్రం రాయను."

"మీరు ఏం రాసినా సరే. అంకె మాత్రం తప్పు రాయకండి."

ఆ రోజే రేడియో బాబాయ్ ఆ సందేశాన్ని అక్షరం అక్షరం పైఆఫీసుకి పంపాడు. మూడు సున్నా మూడు అన్నచోట రెండుసార్లు చదివి మరీ పంపాడు.

ఆ మూడు రోజులూ కాటా నేల మీద నడవలేదు. గదిలో ఉన్న సామానంతా మనసులో తూచుకుంది. ట్రంకు పెట్టె పద్నాలుగు కిలోలు, పరుపు ఆరు, గిన్నెలూ స్టవ్వూ కలిపి తొమ్మిది. మొత్తం ముప్పై కిలోలకి లోపే. మూడున్నరేళ్ళలో ఆమె ఆ గదిలోకి బరువైనది ఏదీ కొననేలేదు. గోడకి మేకు కూడా కొట్టలేదు. వెళ్ళిపోయే మనిషికి మేకెందుకని.

*

గురువారం పదకొండింటికి జవాబొచ్చింది. బాబాయ్ కాగితం ఊపుకుంటూ గదిలోంచి పరుగున వచ్చాడు. ఆ వయసులో ఆయన పరిగెత్తడం ఎవరూ చూడలేదు.

"ఒప్పుకున్నారు అమ్మాయ్! మూడొందల మూడు! దూరపు స్టేషను!"

లోడర్లు చుట్టూ మూగారు. టీలు తెప్పించారు. పెద్ద లోడరు గట్టిగా చదవమన్నాడు. కాటా కాగితం అందుకుని చదివింది. 'మీ లేఖ పరిశీలించడమైనది. రెండు స్టేషన్ల మధ్య దూరాన్ని 303 కిలోమీటర్లుగా సవరించడమైనది. మీ స్టేషనును దూరపు స్టేషనుగా గుర్తించడమైనది.' అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె రెండో పేరా చదవడం మొదలుపెట్టింది. సగంలో ఆగిపోయింది.

"ఏంటక్కా?"

కాగితం మేనేజరు తీసుకుని మిగతాది చదివాడు. 'ఈ సవరణ ఈ తేదీ నుంచి అమలులోకి వచ్చును. దూరపు స్టేషనులో మూడేళ్ళ సేవ ఈ తేదీ నుంచి లెక్కించబడును.'

టీ గ్లాసులు చేతుల్లో అలాగే ఉన్నాయి.

"అంటే?" అన్నాడు లోడరు.

"అంటే నిన్నటిదాకా మా ఊరు దగ్గరే ఉండేది," అంది కాటా. "ఇవాళ పొద్దున్నే దూరం జరిగింది."

"పోనీలే కాటమ్మా," అన్నాడు మేనేజరు. నిజంగా ఓదార్చాలనే అన్నాడు పాపం. "ఇదివరకు ఎన్నాళ్ళన్నది ఎవరికీ తెలీదు. ఇప్పుడు మూడేళ్ళని తేలింది కదా."

ఆమెకి ఒళ్ళు మండింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. మేనేజరు మీద అరిస్తే ఆయన పంపిన కాగితమే అది. పుస్తకం మీద అరిస్తే పుస్తకం దిద్దుకుంది. ఆమె అడిగింది అడిగినట్టే ఇచ్చారు, ఒక్క అంకె తప్పు లేదు. న్యాయం జరిగాక కూడా మనిషి ఇంత ఇరుక్కుపోవచ్చని ఆమెకి అంతవరకూ తెలియదు. మూడేళ్ళు పోతే పిల్లకి పదేళ్ళు. కాటా లేచి వెళ్ళి మూడింటి విమానానికి షీటు కట్టింది. ఆ రోజు పదకొండు సీట్లు ఖాళీ. నీ పేరు రాయమంటావా అని మేనేజరు రెండుసార్లు అడిగాడు. వద్దంది.

సాయంత్రం ఫోనులో భర్తకి కాగితమంతా చదివి వినిపించింది. వెనకాల మెషీను తిరుగుతున్న చప్పుడు ఆగింది.

"మూడేళ్ళా?"

"మూడేళ్ళు. ఇవాళ్టి నుంచి."

"మళ్ళీ రాయి. పై ఆఫీసుకి కాకపోతే దాని పైకి రాయి. వాళ్ళది తప్పు కదా."

"ఇంక రాయనండీ."

"మరేం చేస్తావు?"

ఏం అడగబోతోందో ఆమెకే ముందు తెలియదు.

"అక్కణ్ణుంచి ఇక్కడికి ఎంత దూరమండీ?"

"అదేంటి, ఇప్పుడే కదా చెప్పావు. మూడొందల మూడు."

"అది ఇక్కణ్ణుంచి అక్కడికి. నేనడిగేది అక్కణ్ణుంచి ఇక్కడికి."

ఆయనకి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక గొంతు మారింది. "షాపు మూసేసి రమ్మంటావా?"

"ఏదీ ముయ్యమని అనడం లేదు. మూడున్నరేళ్ళు. ఒక్కసారి ఈ గది చూశారా మీరు? కిటికీ ఎటుందో తెలుసా? స్టాఫు కుటుంబానికీ నాలాగే సీటిస్తారు, ఖాళీ ఉంటే. ఒక్క శనివారమన్నా అక్కడ గేటు బయట కాకుండా, లోపలికొచ్చి పేరు రాయించారా?"

"నువ్వెప్పుడూ రమ్మనలేదే."

"మీరెప్పుడూ వస్తాననలేదు."

రెండూ నిజాలే. ఆ ఇంట్లో అందరూ, ఆమెతో సహా, వెళ్ళింది ఆమె కాబట్టి రావలసింది ఆమే అనుకున్నారు. ఆమె లేనప్పుడు పిల్లని చూసుకునే వదిన కూడా అదే అనుకుంది. ఎవరూ ఆ మాట పైకి అనుకోలేదు కాబట్టి ఎవరూ దాన్ని కాదనలేదు కూడా. ఆయన ఊఁ అన్నాడు. ఇంకోసారి ఊఁ అన్నాడు. ఫోను పెట్టేశాడు.

ఆమె గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. ఎక్కువ మాట్లాడానేమో అని భయం వేసింది. ఇంకా ముందే ఎందుకు మాట్లాడలేదా అని దానికంటే ఎక్కువ బాధేసింది.

శుక్రవారం లిస్టు వచ్చింది. ఆ ఖాళీలో ఇంకెవరి పేరో ఉంది. ఎవరిదని ఆమె అడగలేదు. సాయంత్రం ఆరింటికి ఆయనే ఫోను చేశాడు. ఆయన తనంతట తాను చేయడం అరుదు.

"రేపు వస్తున్నాం. ఇద్దరం. పేర్లు రాయించాను."

"నిజంగానా?"

"పిల్లకి సెలవులే కదా, కొన్నాళ్ళు అక్కడుంచుకో. నేను రెండ్రోజులుండి చూస్తాను. ఆ ఊళ్ళో లేతు పనికి ఎవరన్నా మనుషులు కావాలంటున్నారేమో కనుక్కుని ఉంచు. చూద్దాం. మాటివ్వడం లేదు, చూద్దాం అంటున్నాను."

"చూద్దాం చాలండీ," అంది.

*

శనివారం ఎండ తగ్గింది. పొద్దున మబ్బు పట్టి గాలి చల్లబడింది. కాటా రేడియో బాబాయ్ వాళ్ళింటి నుంచి ఒక పరుపు, రెండు దిండ్లు అరువు తెచ్చి గదిలో వేసింది. కిటికీ తుడిచింది. డ్యూటీకి వచ్చి, నియమం ప్రకారం ఫోను సొరుగులో పడేసి, ఎప్పుడూ లేనిది వచ్చే విమానం కోసం ఎదురుచూసింది. ఇన్నాళ్ళూ ఆమె చూసింది పోయే విమానం వైపే.

ఒకటిం పావుకి బాబాయ్ కాగితం తెచ్చాడు. మామూలుగా అయితే కిటికీలోంచి అందిస్తాడు. ఇవాళ చుట్టూ తిరిగి వచ్చి చేతికిచ్చి, వెంటనే వెళ్ళిపోకుండా నిలబడ్డాడు.

పెద్దలు నలభై ఒకరు. పిల్లలు ఒకరు, ఒంటరి ప్రయాణం. స్టాఫు కుటుంబం, పెద్దలు: సున్నా.

ఆ సున్నాని ఆమె ఎన్నో శనివారాలు అటు పంపింది. ఇటు రావడం ఇదే మొదలు. వెనక్కి తగ్గాడన్నమాట. పిల్లని ఒక్కదాన్నే విమానంలో కూర్చోబెట్టి, గేటు దగ్గర నిలబడి చెయ్యూపి, షాపుకి పోయాడన్నమాట. చూద్దాం అన్నది ఇందుకేనా? కోపంతో కళ్ళు మసకబారాయి.

అప్పుడు అలవాటు కొద్దీ కూడింది. నలభై ఒకటీ ఒకటీ నలభై రెండు. ఒక్క సీటూ ఖాళీ లేదు. తగ్గాడో, తీసేశారో కాగితం చెప్పలేదు. కాగితం ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

విమానం దిగింది. అందరూ దిగాక మెట్ల మీద పిల్ల కనిపించింది. మెళ్ళో అట్టముక్క వేలాడుతోంది, వీపున తన బరువంత సంచీ. ఎవరి చెయ్యీ పట్టుకోనని మొండికేసి ఒక్కతే దిగింది. కాటా పరిగెత్తి ఎత్తుకుంది. పిల్ల మెడ చుట్టూ చేతులు వేసింది, అంతలోనే వదిలించుకుని చెప్పడం మొదలుపెట్టింది.

"అమ్మా, నాన్నని దింపేశారు! కూర్చున్నాక వచ్చి దింపేశారు. ఎవరో టిక్కెట్టాయన ఆఖర్న వచ్చాడు. ఇద్దరం దిగిపోదామన్నాను. నాన్న వద్దన్నాడు. నువ్వు ముప్పై అయిదేగా, వెళ్ళు, అమ్మ చూస్తూ ఉంటుంది అన్నాడు."

"నాన్నేడి మరి? ఇంటికెళ్ళాడా?"

"ఇంటికెందుకు? బస్సెక్కుతానన్నాడు. పదహారు గంటలట. పొద్దున్నకి వస్తాడట." పిల్ల ఊపిరి తీసుకుంది. "అమ్మకి చెప్పమన్నాడు, ఒక్కసారి దింపితేనే ఇంత కష్టంగా ఉంది, నువ్వు అన్నిసార్లు ఎలా దిగావు అని."

కాటా పిల్ల జుట్టులో మొహం దాచుకుంది. లోడర్లు చూస్తున్నారని తెలుసు. చూడనీ అనుకుంది. చాలాసేపు ఏడ్చింది. పిల్ల ఊరుకోబెట్టడానికి ఆమె వీపు మీద తడుతూ, "నేను బాగానే వచ్చానుగా," అంటూ ఉంది.

మేనేజరు ఫారం తెచ్చాడు. పిల్లని అందుకున్నవారి సంతకం, సంబంధం. ఆమె సంతకం చేసి, తల్లి అని రాసింది. తర్వాత పిల్లని బల్ల పక్కన పెట్టెలు తూచే పలక మీద కూర్చోబెట్టి, మూడింటి విమానానికి షీటు కట్టడానికి కూర్చుంది. పలక ఎర్ర అంకెల్లో ఇరవై రెండు కిలోలు చూపించింది. సొరుగు తీసి చూస్తే ఫోనులో ఆయన చేసినవి అయిదు పిలుపులున్నాయి.

కూడింది. గాలి చల్లగా ఉంది, జనం తక్కువ. వందల కిలోలు మిగిలాయి.

మేనేజరు భుజం మీదుగా చూశాడు. ఆయన మొహం వెలిగింది. "కాటమ్మా, ఖాళీ ఉంది! ఒకటి కాదు, తొమ్మిది సీట్లు. నువ్వూ పిల్లా ఎక్కేయండి. నాలుగింటికల్లా ఇంట్లో ఉంటారు. సోమవారం దాకా నేను చూసుకుంటాను. ఈసారి నేనే సంతకం పెడతాను, పో!"

నాలుగు శనివారాలుగా దొరకనిది, నాలుగు అడుగుల దూరంలో తలుపు తీసి ఉంది. ఆమె గడియారం చూసింది. ఈ వేళకి ఆయన బస్సు ఊరు దాటి ఉంటుంది. కిటికీ పక్కన కూర్చుని ఉంటాడా, నిలబడి ఉంటాడా? సముద్రం చుట్టూ ఆ రోడ్డు ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయనకే మొదట తెలుస్తుంది.

"స్టాఫు సున్నా రాసుకోండి సార్," అంది.

షీటు మీద సంతకం చేయించుకుని వచ్చింది. తలుపు మూశారు. విమానం తొమ్మిది ఖాళీ సీట్లతో లేచి నీళ్ళ మీదకి పోయింది. పిల్ల చెయ్యి ఊపింది. కాటా రేడియో గది కిటికీ దగ్గరికి వెళ్ళి అంకెలన్నీ చదివింది, బాబాయ్ పంపాడు. అయిపోయాక ఆమె కదల్లేదు.

"ఇంకేంటి అమ్మాయ్?"

"బాబాయ్, ఈ ఊళ్ళో బస్టాండు ఎక్కడ?"

ఆయన పరికరం తీసి ఆమె వంక వింతగా చూశాడు. "మూడున్నరేళ్ళుగా ఉంటున్నావు. బస్టాండు తెలీదా?"

"తెలీదు. ఎప్పుడూ అటు చూడలేదు."

బాబాయ్ ఒక కాగితం తీసుకుని గీతలు గీశాడు. ఇదీ మన గేటు, ఇదీ నీ గది, ఇక్కడ మలుపు, ఇదిగో మందుల షాపు, ఆ వెనకే బస్టాండు. పిల్ల కిటికీ అంచు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి చూసింది.

"ఎన్ని కిలోమీటర్లు తాతా?"

"కిలోమీటర్లేంటే పిచ్చిదానా," అన్నాడు బాబాయ్. "నడిచి వెళ్ళేంత దూరమే."